న్యాయపీఠము – సమదృష్టి

పరుల తగవు తీర్చుట సులభము. తనవారికి కలిగిన లాభమును అదే త్రాసున తూచుట కష్టము. న్యాయమూర్తికి నిజమైన పరీక్ష ఇదియే.

పేట్ బషీరాబాద్ భూముల వివాదము ఇందుకు నిదర్శనము. అవిభక్త ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2005, 2008 సంవత్సరముల ఉత్తర్వుల ద్వారా హైదరాబాదు పరిసరములలోని ప్రభుత్వ భూములను గృహనిర్మాణ సంఘములకు తక్కువ ధరకు కేటాయించెను. శాసనసభ్యులు, పార్లమెంటు సభ్యులు, ఉన్నతాధికారులు, పాత్రికేయులు లబ్ధి పొందవలసినవారు. న్యాయమూర్తులును ఆ జాబితాలో ఉండిరి. పాత్రికేయుల సంఘమునకు పేట్ బషీరాబాద్‌లో 38 ఎకరములు లభించెను.

2010లో హైకోర్టు ఆ ఉత్తర్వులను కొట్టివేసెను. వివాదము సుప్రీంకోర్టుకు చేరెను. 2022లో పాత్రికేయులకు మధ్యంతర అనుమతి లభించి ఆశ చిగురించెను. తుదకు 2024 నవంబరు 25న నాటి ప్రధాన న్యాయమూర్తి సంజీవ్ ఖన్నా, న్యాయమూర్తి దీపాంకర్ దత్తా ఆ కేటాయింపులు రాజ్యాంగము 14వ అధికరణమునకు విరుద్ధములని రద్దుచేసి, చెల్లించిన సొమ్మును వడ్డీతో తిరిగి ఇమ్మనిరి.

ఇందు రెండు పాఠములు గలవు. ప్రజల భూమికి ప్రభుత్వము ధర్మకర్త మాత్రమే, యజమాని కాదు. న్యాయపీఠము తనవారిని సైతము మినహాయించలేదు. ఇది మొదటిది. సొమ్ము కట్టి ఏండ్ల తరబడి వేచియున్న చిరుద్యోగి పాత్రికేయుని వేదనయు సత్యమే. న్యాయము సమముగా నుండిన చాలదు, సకాలమున అందవలెను. ఇది రెండవది.

మఠపు మాన్యమును కాచువారును, ఇంటి ఆస్తిని పంచు పెద్దలును నిర్ణయమునకు ముందు ఒక్క ప్రశ్న వేసికొనవలెను: ఈ పంపకమున నావారి వాటా ఎంత?