పాతబస్తీలో దీపావళి: చేయవలసినవి – చేయకూడనివి

దీపావళి సాయంత్రం పాతబస్తీ కిక్కిరిసిపోతుంది. చార్మినార్ దగ్గర భాగ్యలక్ష్మి అమ్మవారి దర్శనానికి జనం బారులు తీరుతారు. లాల్‌దర్వాజా, గౌలిపురా, అలియాబాద్ గల్లీల్లో ఇంటింటి ముందూ టపాసులు మొదలవుతాయి. గోడకు గోడ ఆనుకున్న ఇళ్లు, తలెత్తితే కరెంటు తీగలు, కింద వరసగా బైకులు. ఇలాంటి చోట జాగ్రత్తలన్నిటికీ మూలం ఒక్కటే: దారి మూసుకుపోకూడదు.

చార్మినార్ వెళ్తున్నారా?

చేయవలసినవి
- బండి ఇంట్లోనే వదలండి. మెట్రోలో ఎంజీబీఎస్ దాకా వచ్చి, మూసీ దాటి, మదీనా మీదుగా నడవండి. దాదాపు రెండు కిలోమీటర్లు.
- పిల్లల జేబులో ఫోన్ నంబరు రాసిన చీటీ పెట్టండి. తప్పిపోతే కలుసుకునే చోటు ముందే అనుకోండి. అది రద్దీకి దూరంగా, మదీనా చౌరస్తా వంటిదైతే మేలు.
- తోపులాట మొదలైతే రెండు చేతులూ ఛాతీ ముందు అడ్డం పెట్టుకుని, ఊపిరికి చోటు చేసుకోండి. ఎదురు తిరగకుండా, కొద్దికొద్దిగా ఏటవాలుగా పక్కకు జరగండి.

చేయకూడనివి
- కమాన్ల కింద ఆగకండి. మచ్లీ కమాన్, చార్మినార్ కమాన్ దగ్గర దారి సన్నబడుతుంది. సెల్ఫీ కోసం నలుగురు నిలబడితే వెనక నాలుగు వందల మంది ఆగిపోతారు. 2001 జూలై 21న జపాన్‌లోని అకాషిలో బాణసంచా ఉత్సవానికి వచ్చిన జనం, వెళ్లేవాళ్లూ తిరిగొచ్చేవాళ్లూ ఒకే పాదచారుల వంతెన మీద ఎదురుపడి ఇరుక్కుపోయారు. 11 మంది చనిపోయారు. అందులో 9 మంది పిల్లలు.
- రద్దీలో చెప్పు జారినా, ఫోన్ పడినా వంగకండి.
- జనం మధ్య టపాసు వెలిగించకండి, సంచిలో తీసుకెళ్లకండి.

గల్లీలో కాల్చేటప్పుడు

చేయవలసినవి
- బైకులు ముందే తీసి, గల్లీలో ఒకవైపంతా ఖాళీ ఉంచండి. మేడ మీద ఆరేసిన బట్టలు, ప్లాస్టిక్ పట్టాలు తీసేయండి. కిటికీలు మూయండి.
- మెట్లు, గుమ్మం ఖాళీగా ఉండాలి. 2025 మే 18న గుల్జార్‌హౌజ్ దగ్గరి ఇంట్లో జరిగిన అగ్నిప్రమాదంలో 17 మంది పోయారు. అది టపాసుల వల్ల కాదు. కానీ సన్నటి దారి, ఇరుకు మెట్లు ఉన్న ఇంట్లో పొగ ఎంత త్వరగా ప్రాణం తీస్తుందో పాతబస్తీ మొత్తం చూసింది.
- రెండు బకెట్లు పెట్టుకోండి. ఒకటి మంట ఆర్పడానికి, రెండోది కాలిన కాకరపువ్వొత్తుల తీగలు వేయడానికి. ఎర్రగా కాలిన తీగ తొక్కి పిల్లల పాదాలు కాలుతుంటాయి.
- నూలు బట్టలు, చెప్పులు, కళ్లద్దాలు వేసుకోండి. పొడవాటి అగరుబత్తితో, చేయి చాపి అంటించండి.
- గ్రీన్ క్రాకర్స్ మాత్రమే, రాత్రి 8 నుంచి 10 గంటల మధ్యనే కాల్చండి. 2018లో సుప్రీంకోర్టు చెప్పిన మాట ఇది.

చేయకూడనివి
- తారాజువ్వలు గల్లీలో వదలకండి. సీసా ఒరిగితే అది ఎదురింటి కిటికీలోకే పోతుంది.
- తుస్సుమన్న బాంబు దగ్గరకు వెళ్లి వంగి చూడకండి. దూరం నుంచే నీళ్లు పోయండి.
- కార్బైడ్ గన్ ఇంట్లోకి రానివ్వకండి. పైపులో కార్బైడ్, నీళ్లు కలిస్తే పేలే వాయువు పుడుతుంది. ఎందుకు పేలలేదా అని పిల్లవాడు అందులోకి తొంగి చూసిన క్షణంలోనే పేలవచ్చు. 2025 దీపావళికి భోపాల్‌లో ఎంతోమంది పిల్లల కళ్లు ఇలాగే దెబ్బతిన్నాయి.
- ఆసుపత్రులకు 100 మీటర్ల లోపల పేల్చకండి. చార్మినార్ పక్కన నిజామియా యునానీ ఆసుపత్రి ఉంది, శాలిబండలో, పేట్లబురుజులో ఆసుపత్రులున్నాయి. అక్కడ రోగులు, బాలింతలు, పసికందులు ఉంటారు.

దెబ్బ తగిలితే

- బట్టలంటుకుంటే పరుగెత్తకండి. నేల మీద పడి దొర్లండి. పక్కనున్నవాళ్లు నీళ్లు పోయండి, లేదా మందపాటి నూలు దుప్పటి కప్పండి.
- కాలిన చోట 20 నిమిషాలు మామూలు చల్లటి నీళ్లు ధారగా పోయండి. వాపు రాకముందే గాజులు, ఉంగరాలు తీసేయండి. ఐస్, టూత్‌పేస్ట్, పసుపు, సిరా, వెన్న ఏవీ రాయకండి. బొబ్బలు చిదమకండి. శుభ్రమైన బట్ట వదులుగా కప్పి అఫ్జల్‌గంజ్‌లోని ఉస్మానియా ఆసుపత్రికి తీసుకెళ్లండి.
- కంట్లో మందుపొడి పడితే నలపకుండా శుభ్రమైన నీళ్లతో కడగండి. గాయమైతే కడగొద్దు, నొక్కొద్దు, గుచ్చుకున్నది లాగొద్దు. పేపర్ కప్పు ఒకటి కంటి చుట్టూ ఆనేలా అడ్డుపెట్టి, మెహిదీపట్నంలోని సరోజినీదేవి కంటి ఆసుపత్రికి వెంటనే వెళ్లండి. రేపు చూద్దామనుకుంటే చూపే పోవచ్చు.
- మంటకు 101, అంబులెన్సుకు 108, ఏ ఆపదకైనా 112. ఫోన్ చేసినప్పుడు గల్లీ పేరుతో పాటు దగ్గరి గుడో, మసీదో, కమానో గుర్తు చెప్పండి. ఒకరు పెద్ద రోడ్డు దాకా ఎదురెళ్లి బండికి దారి చూపండి.

పడుకునే ముందు ఇంకో పని ఉంది. గల్లీలో కాగితాల కుప్ప మీద రెండు బకెట్ల నీళ్లు పోయండి. తెల్లవారకముందే ఊడ్చడానికి వచ్చే పారిశుద్ధ్య కార్మికురాలు ఆ కుప్పలో చేయి పెడుతుంది. అందులో పేలని టపాసు ఒక్కటి కూడా ఉండకూడదు. ఆమె క్షేమంగా ఇంటికి చేరితేనే మన దీపావళి ముగిసినట్టు.