సండేస్కూలు ఉపాధ్యాయులకు: ‘ఖో’ వినబడువరకు



పిల్లలు పాఠముమీద మనస్సు నిలుపుట లేదని మన కాసిపేట ప్రాంతపు సండేస్కూళ్లలో తరచుగా వినబడుచున్నది. అందుకు మనము సాధారణముగా చేయునది గద్దించుటయే. గద్దింపు నోరు మూయించును గాని చెవి తెరువదు. పాఠమునకు ముందు పదిహేను నిమిషములు ఖోఖో ఆడించి చూడుడి.

ఆ ఆట ఎట్లు నడచునో కొంచెము ఆలోచింతము. తరుము జట్టులో 8 మంది రెండు గుంజల నడుమ వరుసగా, ఒకరు ఇటు ఒకరు అటు ముఖము పెట్టి కూర్చుందురు. తొమ్మిదవవాడు తరుమును. అతడు నడిమి వరుసను దాటరాదు. ఒక దిక్కు పట్టిన తరువాత గుంజ చేరువరకు వెనుకకు తిరుగరాదు. పారిపోవువాడు అవతలికి దూరినయెడల, ఆ వైపు చూచుచు కూర్చున్నవాని వీపు తట్టి ‘ఖో’ అనవలెను. కూర్చున్నవాడు అది వినబడకముందే లేచిన తప్పు. విని ఆలస్యము చేసిన పారిపోవువాడు దక్కడు. తన వెనుక జరుగునది వానికి కనబడదు. కదలక కూర్చుండియు మేలుకొని యుండవలెను. పాఠము వినుటకు కావలసినదియు ఇదే గదా!

గనిలో దిగు తండ్రులకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. వారు భూగర్భములో పైకప్పును కడ్డీతో తట్టి, ధ్వనినిబట్టి అది గట్టిదో వదులైనదో తెలిసికొందురు. తోటివాని కేక వినుట అక్కడ ప్రాణముతో పని.

జట్టు సంగతి ఇంకను ముఖ్యము. క్వార్టర్ల పిల్లలు ఒక మూల, కాంట్రాక్టు కూలీల పిల్లలు ఒక మూల చేరుట మనము చూచుచునే యున్నాము. కలిసియుండుడని ఎంత చెప్పినను కలియరు. ఖోఖోలో అయితే తరుమువాడు వెనుకకు తిరుగరాదు గనుక, దగ్గరనున్నవాడు ఎవరైనను వానికే ఖో ఇయ్యవలెను. స్నేహితుని కొరకు వెదకువాని జట్టు ఓడును. అయితే వరుసలో ఎవరి ప్రక్క ఎవరో ఉపాధ్యాయుడే నిర్ణయింపవలెను. పిల్లలకు విడిచినచో మరల ఆ మూలలే వచ్చును.

పదిమందియే యున్నచోట ఐదుగురు కూర్చున్నను చాలును. గుంజలకు బదులు రెండు కర్రలు పాతుడి. పట్టుబడినవానిని బయటికి పంపక, వరుసలో ఒకని స్థానమున కూర్చుండబెట్టి, ఆ లేచినవానిని పరుగునకు పంపుడి. త్వరగా పట్టుబడు పిల్లవానికే ఈ అభ్యాసము ఎక్కువగా కావలెను గదా.

వానకాలములో లోపల ఆడదగినది మరియొకటి కలదు. ‘తల’ అనగా కాలివ్రేళ్లను, ‘కాలివ్రేళ్లు’ అనగా తలను ముట్టవలెను. అమెరికాలోని ఒరెగాన్ స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇట్టి ఆటలను చిన్నపిల్లలచేత ఆడించి 2011లో ఫలితములు ప్రకటించిరి. మొదట నిగ్రహము తక్కువగానున్న పిల్లలకే మేలు కనబడినది.

గుడికి వచ్చినది ఆడుటకా అని కొందరు పెద్దలు అడుగుదురు. జెకర్యా ప్రవక్త, బాగుపడిన యెరూషలేమును వర్ణించునప్పుడు వీధులలో ఆడుకొను బాలబాలికలను మరువలేదు. సంతవీధిలో పిల్లల ఆటను మన ప్రభువు కూడ గమనించి బోధలో వాడుకొనెను.

ఆడపిల్లలనుగూర్చి ఒక మాట. 2025 జనవరిలో ఢిల్లీలో జరిగిన మొదటి ఖోఖో ప్రపంచ పోటీలలో మన పురుషుల జట్టుతోపాటు స్త్రీల జట్టును గెలిచినది. మన యాడపిల్లలు మాత్రము తమ్ములను చంకనెత్తుకొని అరుగుమీద కూర్చుండి చూచుచున్నారు. ఆ పసివారిని పదిహేను నిమిషములు పెద్దలలో ఎవరైనను ఎత్తుకొనవచ్చును.