వెబ్‌సైటు పేరు కొంటే సరిపోదు... నేమ్‌సర్వర్లు చూసుకోవాలి

రబీ వడ్లు ఇంకా కల్లంలో ఉండగానే పుట్టికి (850 కిలోలు) ఇంత అని దళారి ధర చెప్పేస్తాడు. ఆ ధర గిట్టక, పది మంది రైతులు కలిసి వడ్లు ఆడించి, బియ్యం నేరుగా నెల్లూరులోనో చెన్నైలోనో ఇళ్లకు పంపుదామనుకుంటే ఇప్పుడు సంఘానికి ఒక వెబ్‌సైటు, ఒక మెయిల్ చిరునామా కావాల్సి వస్తున్నాయి. పేరు రిజిస్టర్ చేయించడం పది నిమిషాల పని. ఆ తర్వాత చేయాల్సిన నేమ్‌సర్వర్ల పనిని మాత్రం చాలా మంది కంప్యూటర్ కుర్రాడికి వదిలేస్తున్నారు. అసలు చిక్కు అక్కడే వస్తోంది. రైతు సోదరులు ఈ కాస్త సంగతి తెలుసుకుంటే మోసపోకుండా ఉండొచ్చు.

నేమ్‌సర్వరు అంటే?

ఇంటర్నెట్‌లో ప్రతి కంప్యూటరుకూ 203.0.113.25 లాంటి ఒక అంకెల చిరునామా ఉంటుంది. మనిషికి అంకెలు గుర్తుండవు కాబట్టి పేర్లు పెట్టుకున్నారు. మొదట్లో అమెరికాలో ఆ పేర్లన్నీ ఒకే ఒక్క చిట్టాలో రాసి, స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో ఉంచేవారు. మన ఊళ్లలో వెనకటి కరణం గారి దగ్గర ఉండే లెక్క లాంటిదే అనుకోండి. కంప్యూటర్లు పెరిగేసరికి ఆ ఒక్క చిట్టా చాల్లేదు. 1983లో పాల్ మొకాపెట్రిస్ అనే ఆయన ఆ లెక్కను ముక్కలుగా పంచి, ఎవరి పేర్ల లెక్క వాళ్లే చూసుకునే పద్ధతి పెట్టాడు. మన దగ్గర కరణాల పదవులు రద్దయింది 1984లో. అక్కడా ఇక్కడా చిట్టాలు ఒకే కాలంలో చేతులు మారాయన్నమాట!

ఆ పద్ధతిని కనిగిరి రిజర్వాయరు ఆయకట్టు రైతుకు చెప్పడం తేలిక. సంగం దగ్గర పెన్న నీళ్లు మళ్లి, రిజర్వాయరుకు వచ్చి, అక్కణ్ణించి కాలువలకు పోతాయి. మీ చేనికి ఏ తూము నుంచి నీళ్లు పారతాయో పైనున్న ఇంజనీరు గారికి తెలియనక్కర్లేదు. ఆ కాలువ మీద లష్కర్ ఎవరో తెలిస్తే చాలు. తూము సంగతి లష్కర్ చెబుతాడు. నేమ్‌సర్వరు ఆ లష్కరే.

మీ సంఘం పేరు ‘మనబియ్యం డాట్ ఇన్’ అనుకుందాం. చెన్నైలో ఎవరో ఫోనులో ఆ పేరు కొడితే, ముందు అన్నిటికీ పైనున్న రూట్ సర్వర్లను అడుగుతుంది. అవి ‘డాట్ ఇన్ లెక్క ఫలానా చోట ఉంది’ అంటాయి. డాట్ ఇన్ పేర్ల లెక్క చూసేది మన దేశపు నిక్సీ అనే సంస్థ. 2005 నుంచి ఈ పేర్లు అందరికీ ఇస్తున్నారు. తెలుగు లిపిలోనే ‘డాట్ భారత్’ పేర్లు కూడా ఉన్నాయి. నిక్సీ దగ్గర మీ అంకెల చిరునామా ఉండదు. ‘ఈ పేరుకు లష్కర్లు ఫలానా ఇద్దరు’ అని మాత్రమే రాసి ఉంటుంది. వాళ్లను అడిగితేనే చిరునామా వస్తుంది. ఇదంతా కన్నుమూసి తెరిచేలోగా జరిగిపోతుంది.

అంటే, పేరు మీదే అయినా ఆ రెండు గళ్లలో ఎవరి నేమ్‌సర్వర్లు రాసి ఉంటే మీ వెబ్‌సైటూ మెయిలూ వాళ్లు చూపిన చోటికే పోతాయి.

పెట్టుకునే తీరు

పేరు అమ్మే కంపెనీని రిజిస్ట్రార్ అంటారు. వెబ్‌సైటుకు చోటు అద్దెకు ఇచ్చేది హోస్టింగు కంపెనీ. రెండూ ఒకటే కావచ్చు, వేరు కావచ్చు. వేరైతే హోస్టింగు వాళ్లు ఎన్ఎస్1, ఎన్ఎస్2 అని మొదలయ్యే రెండు పేర్లు ఇస్తారు. రిజిస్ట్రార్ ఖాతాలోకి వెళ్లి, మీ పేరు మీద నొక్కి, ‘నేమ్‌సర్వర్స్’ అన్న చోట పాతవి తీసేసి ఈ రెండూ అక్షరం పొల్లు పోకుండా ఎక్కించాలి. కనీసం రెండు ఉండాలి. ఒకటి పడిపోయినా రెండోది జవాబు చెబుతుంది. మీ సొంత పేరు మీదే నేమ్‌సర్వర్లు నడపాలంటే వాటి అంకెల చిరునామాలు కూడా రిజిస్ట్రార్ దగ్గర విడిగా నమోదు చేయించాలి. చిన్న సంఘాలకు ఆ తలనొప్పి వద్దు.

మార్చిన వెంటనే వెబ్‌సైటు కనబడకపోతే కంగారు పడొద్దు. పాత జవాబును చాలా కంప్యూటర్లు కొంత సేపు దాచుకుంటాయి. కొన్ని గంటల నుంచి 48 గంటల దాకా పట్టొచ్చు. అందాకా పాత హోస్టింగును ఆపేయకూడదు. కొత్త తూము పారకముందే పాత తూము మూయం కదా.

ఇంకో జాగ్రత్త చాలా ముఖ్యం. నేమ్‌సర్వర్లు మారిస్తే పాత వాటిలో రాసి ఉన్నవేవీ వాటంతట అవి కొత్త వాటిలోకి రావు. వెబ్‌సైటు ఎక్కడుందో చెప్పేది ఏ రికార్డు. మెయిల్ ఎక్కడికి చేరాలో చెప్పేది ఎంఎక్స్ రికార్డు. మార్చకముందే పాతవన్నీ కాగితం మీద రాసుకుని, కొత్త చోట ఎక్కించి, ఆ తర్వాతే మార్చాలి. ఈ పాఠం నేను చెడి నేర్చుకున్నదే. బంధువుల దుకాణం కోసం నేమ్‌సర్వర్లు మార్చి, ఎంఎక్స్ రికార్డు మరిచిపోయాను. వెబ్‌సైటు చక్కగా వచ్చింది, అందరం సంతోషించాం. మూడు రోజులు ఒక్క మెయిల్ కూడా రాలేదని నాలుగో రోజున గాని ఎవరికీ తట్టలేదు. ఆ మూడు రోజుల్లో ఎవరు ఏం అడిగారో ఇప్పటికీ తెలియదు.

ఖాతా ఎవరి పేరున?

పొలం డబ్బు మీరు కట్టి, రిజిస్ట్రేషన్ మధ్యవర్తి పేరున చేయిస్తారా? వెబ్‌సైటు పేరు విషయంలో చాలా చోట్ల జరుగుతున్నది అదే. డిజైను చేసే కుర్రాడు తన ఖాతాలో, తన మెయిల్‌తో, తన ఫోను నంబరుతో పేరు కొంటాడు. మోసం చేయాలని కాకపోవచ్చు, పని త్వరగా అవుతుందని చేస్తాడు. రేపు అతను ఉద్యోగానికి బెంగుళూరు పోయినా, మాటా మాటా వచ్చినా, ఓటీపీ అతని ఫోనుకే వస్తుంది. నేమ్‌సర్వర్లు మార్చాలన్నా, ఏటా గడువు పొడిగించాలన్నా అతన్నే బతిమాలుకోవాలి. గడువు దాటి పేరు పోతే ఎవరైనా కొనుక్కోవచ్చు. బియ్యం బస్తాల మీద అచ్చు వేయించిన పేరు అప్పుడు పరాయివాళ్ల దుకాణానికి దారి చూపుతుంది.

కాబట్టి రిజిస్ట్రార్ ఖాతా సంఘం పేరున, సంఘం మెయిల్‌తో తెరవాలి. ఆ మెయిల్ కొత్తగా కొన్న పేరు మీదే ఉండకూడదు. ఆ పేరు ఆగిన రోజున ఆ మెయిలూ ఆగుతుంది, గడువు హెచ్చరిక ఎవరికీ అందదు. కుర్రాడికి హోస్టింగు తాళం ఇవ్వండి, రిజిస్ట్రార్ తాళం ఇవ్వకండి. ఇప్పటికే అతని ఖాతాలో ఉంటే, సఖ్యంగా ఉన్నప్పుడే మీ ఖాతాకు బదిలీ చేయించుకోండి. గడువు తేదీ, నేమ్‌సర్వర్ల పేర్లు, రికార్డులు సంఘం మినిట్స్ పుస్తకంలో రాసి, అధ్యక్షుడు, కార్యదర్శి ఇద్దరూ సంతకం పెట్టాలి. కార్యదర్శి మారినప్పుడు పుస్తకంతో పాటు ఖాతాలోని ఫోను నంబరు కూడా ఆ రోజే మార్చాలి.