న్యాయ సలహా: తగ్గిన బాడుగలో తగ్గేదేమిటి?

గూడూరు నుంచి దక్షిణాది యాత్రకు బయలుదేరే కుటుంబాలు శ్రీరంగం, రామేశ్వరం పేర్లను కలిపే చెబుతాయి. రెండూ దీవులే. ఒకటి కావేరి, కొల్లిడం పాయల నడుమ ఉన్నది. మరొకటి పాంబన్ దగ్గర సముద్రం దాటితే గాని అందనిది. గూడూరు పెద్ద రైల్వే జంక్షనే అయినా, ముసలివాళ్లు, పసిపిల్లలు, వంటసామాను ఉన్న పదిహేను మంది గుంపుకు వ్యాను మాట్లాడుకోవడమే తేలిక. పైగా 2022 డిసెంబరులో పాత పాంబన్ వంతెన మీద రాకపోకలు ఆగాక, 2025 ఏప్రిల్ 6న కొత్త వంతెన ప్రారంభమయ్యేదాకా రైళ్లు రామేశ్వరం వెళ్లనే లేదు. రోడ్డు వంతెన ఒక్కటే దిక్కయింది. ఈ ప్రయాణానికి బేరం కుదిరే తీరు అందరికీ తెలిసిందే. ఫోనులో ఒక రేటు, కాస్త బతిమాలాట, సగం బాడుగ ఫోన్‌పేలో అడ్వాన్సు, ‘పొద్దున నాలుగింటికి బండి మీ ఇంటి ముందుంటుంది’ అన్న ఒక మాట. ఎంత తగ్గిస్తారని అడగని వారుండరు. ఏది మానేసి తగ్గిస్తున్నారని అడిగేవారు అరుదు. నిజంగా పోటీ వల్ల తగ్గిన రేటు వేరు. పర్మిట్టు, బీమా, రసీదు ఎగ్గొట్టి తగ్గించిన రేటు వేరు. రెండోదానిలో మిగిలినట్టు కనిపించే డబ్బు మీ హక్కుల నుంచి కోసి ఇచ్చిందే.

ముందుగా నంబరు ప్లేటు చూడాలి. తెల్ల పలక మీద నల్ల అక్షరాలుంటే అది సొంత వాడకానికి రిజిస్టరైన బండి. పసుపు పలక మీద నల్ల అక్షరాలుంటే బాడుగకు తిరిగే బండి. నల్ల పలక మీద పసుపు అక్షరాలు కనిపిస్తే, అది మనమే నడుపుకొనేందుకు అద్దెకిచ్చేది. కరెంటు బండ్లకు పలక ఆకుపచ్చగా ఉంటుంది. వాటిలో సొంత బండికి తెల్ల అక్షరాలు, బాడుగ బండికి పసుపు అక్షరాలు. మోటారు వాహనాల చట్టం 66వ సెక్షను ప్రకారం సాధారణంగా పర్మిట్టు లేకుండా బండిని బాడుగకు తిప్పకూడదు. తిప్పితే 192ఎ కింద మొదటిసారే 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు. మన యాత్రలో రాష్ట్ర సరిహద్దు కూడా దాటాలి కాబట్టి మామూలు పర్మిట్టు చాలకపోవచ్చు. దేశమంతా తిరిగే టూరిస్టు బండ్లకు 2023 మే 1 నుంచి అమల్లో ఉన్న నియమాల ప్రకారం అఖిల భారత టూరిస్టు పర్మిట్టు ఇస్తారు. ఆ పర్మిట్టు మీద తిరిగే బండిలో ప్రయాణికుల జాబితా, బయలుదేరే చోటు, చేరే చోటు వివరాలు ఉండాలి. సీట్లకు మించి ఎక్కించుకుంటే 194ఎ సెక్షను కింద తలకు 200 రూపాయల జరిమానాతో పాటు, అదనపు ప్రయాణికులను దించి వాళ్లకు వేరే బండి ఏర్పాటు చేసేదాకా కదలనివ్వరు. ఈ తప్పులు బండి యజమానివి, డ్రైవరువి; జరిమానా కట్టేదీ వాళ్లే. కానీ తిరుచ్చి దగ్గర బండి ఆగిపోతే అర్ధరాత్రి రోడ్డు పక్కన నిలబడేది మీ ఇంటి పెద్దవాళ్లు.

జరిమానా కంటే పెద్ద సంగతి బీమా. చట్టం 147వ సెక్షను ప్రకారం బాడుగ బండికి తీసుకునే తప్పనిసరి పాలసీలోనే ప్రయాణికులకు కూడా రక్షణ ఉండాలి. సొంత బండి విషయంలో అలా కాదు. చట్టం కోసం తీసుకునే కనీస పాలసీ రోడ్డు మీద పోయేవారిని కాపాడుతుందే గాని, లోపల కూర్చున్నవారికి దానంతటదే వర్తించదు. సమగ్ర పాలసీ ఉంటే కారులో ఉన్నవారికీ రక్షణ ఉంటుందని సుప్రీంకోర్టు బాలకృష్ణన్ కేసులో స్పష్టం చేసింది. అయితే ఆ రక్షణ కూడా బండిని బాడుగకు తిప్పనంత వరకే భద్రం. పర్మిట్టు లేని బండిని బాడుగకు వాడితే పాలసీ షరతు తప్పారని వాదించే అవకాశాన్ని 150వ సెక్షను బీమా కంపెనీ చేతిలో పెట్టింది. అంటే బంధువు ఊరికే తన కారులో తీసుకెళ్తే ఉండే ధైర్యం, అదే కారుకు కిలోమీటరుకు ఇంతని డబ్బు కట్టి ఎక్కితే ఉండదు.

దీనికి ఒక అభ్యంతరం వినిపిస్తుంది. బీమా కంపెనీ ఎన్ని సాకులు చెప్పినా, ముందు బాధితులకు చెల్లించి తర్వాత యజమాని దగ్గర రాబట్టుకోమని కోర్టులు ఆదేశిస్తాయి కదా అంటారు. నిజమే. 2004 నాటి స్వరణ్ సింగ్ తీర్పు నుంచి ఆ పద్ధతి బలపడింది. 2018లో అమృత్‌పాల్ సింగ్ కేసులో పర్మిట్టు లేకపోవడం మౌలికమైన ఉల్లంఘనే అని చెబుతూనే, బాధితులకు చెల్లించి యజమాని దగ్గర వసూలు చేసుకొనే ఏర్పాటును సుప్రీంకోర్టు నిలబెట్టింది. 2024 నవంబరులో రంభాదేవి కేసులో రాజ్యాంగ ధర్మాసనం, తేలికపాటి వాహన లైసెన్సు ఉన్న డ్రైవరు 7,500 కిలోల లోపు బరువున్న బాడుగ బండిని కూడా నడపవచ్చని చెప్పడంతో మరో సాకు పోయింది. కానీ ఈ తీర్పులన్నీ చూపించేది ఒక్కటే: అక్కడిదాకా చేరడానికి బాధిత కుటుంబాలు ఏళ్ల తరబడి కోర్టుల్లో నిలబడాల్సి వచ్చింది. పైగా ఆ పర్మిట్టు లేని కేసులో కోర్టు కాపాడింది లారీ ఢీకొన్న బయటి మనిషి కుటుంబాన్ని. తెల్ల ప్లేటు బండికి బాడుగ ఇచ్చి ఎక్కినవారికీ అంతే ధీమా ఉందనుకోకూడదు. కోర్టు దయ చూపవచ్చునన్న ఆశ మీద, పసుపు ప్లేటుతో తేలిగ్గా దొరికే హక్కును వదులుకోవడం తెలివైన బేరం కాదు. రెండు నిమిషాల పని ఉంది: ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొడితే రిజిస్ట్రేషన్, ఫిట్‌నెస్, బీమా గడువు కనిపిస్తాయి. ఆ నంబరు అడ్వాన్సుకు ముందే అడగాలి. ‘ఏ బండి వస్తుందో పొద్దున చెబుతాం’ అనేవారికి అడ్వాన్సు కూడా పొద్దునే ఇవ్వండి.

ఇక రెండో అపోహ: కాగితం లేదు కాబట్టి కేసు లేదు. 1872 నాటి మన కాంట్రాక్టు చట్టం నోటి మాటను కూడా ఒప్పందంగానే గుర్తిస్తుంది. అంతేకాదు, ఆ చట్టంలో 73వ సెక్షను కింద ఇచ్చిన ఉదాహరణల్లో ఒకటి అచ్చం మన వ్యాను బేరమే. కలకత్తా నుంచి సిడ్నీకి ఓడలో తీసుకెళ్తానని ఓడ యజమాని ఒప్పుకొంటాడు. ప్రయాణికుడు సగం చార్జీ ముందే కడతాడు. చెప్పిన రోజుకు ఓడ కదలదు. ప్రయాణికుడు కొన్నాళ్లు కలకత్తాలో ఖర్చుపెట్టుకొని ఉండి, వేరే ఓడలో వెళ్తాడు. అప్పుడు ఓడ యజమాని కట్టిన సొమ్ము వడ్డీతో సహా తిరిగివ్వాలి, నిలిచిపోయినందువల్ల అయిన ఖర్చు ఇవ్వాలి, రెండో ఓడకు ఎక్కువ కట్టి ఉంటే ఆ తేడా కూడా ఇవ్వాలి. సిడ్నీకి ఆలస్యంగా చేరడం వల్ల పోయిన సొమ్ము మాత్రం ఇవ్వనక్కర్లేదు. ఓడ బదులు టెంపో ట్రావెలర్, కలకత్తా బదులు శ్రీరంగం పెట్టి చూడండి. శ్రీరంగంలో దించేసి రామేశ్వరానికి బండి రాకపోతే అడ్వాన్సులో జరగని ప్రయాణానికి చెందిన భాగం, ఆ రాత్రి లాడ్జి ఖర్చు, వేరే బండికి ఎక్కువైన బాడుగ అడగవచ్చు. ఆ బిల్లులన్నీ దాచుకోవాలి. కానీ ఉన్నవాటిలో ఖరీదైన బండిని కావాలని ఎంచుకొని తేడా అడిగితే చెల్లదు, నష్టం తగ్గించుకునే దారి ఉందా లేదా అన్నది కూడా ఆ సెక్షను చూడమంటుంది. మాట జరిగిందనడానికి వాట్సాప్ సందేశాలు, ఫోన్‌పే రసీదు, కాల్ వివరాలు సాక్ష్యాలే. కేసు తేలేదాకా సందేశాలు చెరపకండి, ఫోను మార్చకండి.

‘అడ్వాన్సు వెనక్కి ఇవ్వబడదు’ అని రసీదు కింద అచ్చువేసిన వాక్యం చివరి మాట కాదు. ఒప్పందంలో ఎంత రాసుకున్నా, భంగపరచినవారి నుంచి న్యాయమైన పరిహారం మాత్రమే రావాలన్నది 74వ సెక్షను. ముందే కట్టిన సొమ్మును జప్తు చేసుకోవడానికీ ఆ సూత్రం వర్తిస్తుందని 2015లో కైలాష్‌నాథ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి బయలుదేరే ముందు రోజు మీరు మానుకుంటే, ఆ తేదీకి వచ్చిన మరో గిరాకీని వదులుకున్న యజమాని కొంత పట్టుకోవడం న్యాయమే; నెల ముందు చెప్పినా మొత్తం మింగేయడం న్యాయం కాదు. తుపాను సంగతి వేరు. 2021 నవంబరు వరదల్లో నెల్లూరు పక్కన పడుగుపాడు వద్ద రైలుకట్ట కొట్టుకుపోయింది, జాతీయ రహదారి తెగింది. అలా దారే మూసుకుపోతే ఎవరి తప్పూ ఉండదు. ఒప్పందం 56వ సెక్షను కింద రద్దయి, 65వ సెక్షను ప్రకారం పుచ్చుకున్నది తిరిగివ్వాల్సి వస్తుంది. మన తీరంలో అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలకు బండి మాట్లాడేవారు తుపాను వస్తే ఏం చేయాలో ముందే మాట్లాడుకోవడం ఇద్దరికీ మేలు.

ఇక్కడ సాధారణంగా ఎదురయ్యే జవాబు ‘నేను ఏజెంటునే, బండి వాళ్లది’. ఏజెంటు వ్యక్తిగతంగా బాధ్యుడు కాడన్నది కాంట్రాక్టు చట్టం 230వ సెక్షనులోని మామూలు సూత్రమే. అయితే ఎవరి తరఫున మాట్లాడుతున్నాడో పేరు చెప్పని ఏజెంటు తానే బాధ్యుడని అదే సెక్షను భావిస్తుంది. ఇది తెలిసినవారు అడ్వాన్సు ఇచ్చేటప్పుడే బండి యజమాని ఎవరో అడుగుతారు. చెబితే యజమాని దొరుకుతాడు, చెప్పకపోతే ఏజెంటు దొరుకుతాడు. దారిలో డ్రైవరు టోల్, పార్కింగు, తమిళనాడు పన్ను అంటూ కొత్తగా డబ్బు అడిగితే, వృద్ధులతో వాదన పెట్టుకొని రోడ్డు మీద నిలబడనక్కర్లేదు. యూపీఐలోనే చెల్లించి, ‘మాటలో లేని డబ్బు, అభ్యంతరంతో ఇస్తున్నాం’ అని యజమానికి వెంటనే సందేశం పెట్టండి. చెల్లించారు కాబట్టి ఒప్పుకున్నారన్న వాదన అక్కడే వీగిపోతుంది.

అన్నిటికంటే బలమైన అభ్యంతరం చివరిది: ఆరేడు వేల కోసం కోర్టుకెవరు తిరుగుతారు? మామూలు సివిల్ దావా గురించి అయితే ఈ మాట సబబే. కానీ వినియోగదారుల రక్షణ చట్టం 2019 ఈ ఖర్చును బాగా తగ్గించింది. రవాణా సేవ అని చట్టంలోనే పేరుపెట్టి చెప్పారు. డబ్బు కట్టినది మీరొక్కరే అయినా, మీ అనుమతితో ఆ బండిలో కూర్చున్న అత్తగారు, మేనమామ కూడా వినియోగదారులే. ఏసీ బండి చెప్పి మామూలు బండి పంపడం సేవా లోపం. రసీదు ఇవ్వకపోవడం, లోపమున్న సేవకు సొమ్ము తిరిగివ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతులు. పాత చట్టంలో ఎదుటివారి ఊరిలోనో, వివాదం పుట్టిన చోటనో వేయాల్సి వచ్చేది. 34వ సెక్షను వల్ల ఇప్పుడు మీరుండే జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు, బండివాళ్లు మదురైలో ఉన్నా సరే. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు, గడువు రెండేళ్లు. మూడు నెలల్లో తేల్చాలని చట్టం చెబుతున్నా ఆచరణలో జాప్యం జరుగుతుంది, దాన్ని దాచనక్కర్లేదు. అందుకే మొదట 1915కు ఫోను చేసి జాతీయ హెల్ప్‌లైన్ ద్వారా రాజీకి ప్రయత్నించడం మంచిది. రోడ్డు ప్రయాణ సేవల వివాదాలను శాశ్వత లోక్ అదాలత్ కూడా చేపడుతుంది, అక్కడా కోర్టు ఫీజు ఉండదు. ఉచిత న్యాయ సహాయానికి 15100 నంబరు, గూడూరు కోర్టులోని మండల న్యాయసేవాధికార కమిటీ ఉన్నాయి. దెబ్బలు తగిలిన ప్రమాదమైతే దారి వేరు: మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో, మీరుండే చోటే వేయవచ్చు. 2019 సవరణ దీనికి ఆరు నెలల గడువు పెట్టింది కాబట్టి ‘కాస్త కోలుకున్నాక చూద్దాం’ అనుకోకండి.

ఇదంతా చిన్న యజమానుల మీద యుద్ధం కాదు. పన్ను కట్టి, పర్మిట్టు తెచ్చుకొని, ప్రయాణికుల బీమా చేయించి పసుపు ప్లేటు బండి నడిపేవాడికి అసలు నష్టం తెల్ల ప్లేటు పోటీయే. అతని రేటు రెండు మూడు వేలు ఎక్కువ ఉంటే, ఆ ఎక్కువలో మీ ఇంటిల్లిపాది బీమా ఉంది. లిఖితపూర్వకమైన మాట అతన్నీ కాపాడుతుంది. 1,300 కిలోమీటర్లకు పైబడిన యాత్రను ఒక్క డ్రైవరుతో రెండు రాత్రుల్లో ముగించమని ఒత్తిడి చేసే ప్రయాణికులూ ఉంటారు మరి. కావలసింది స్టాంపు కాగితం కాదు, అడ్వాన్సు పంపే ముందు ఒక వాట్సాప్ సందేశం: ‘ఫలానా తేదీ ఉదయం 4 గంటలకు గూడూరు నుంచి శ్రీరంగం, రామేశ్వరం, తిరిగి గూడూరు. ఏసీ టెంపో ట్రావెలర్, పసుపు ప్లేటు, బండి నంబరు ఇది, యజమాని పేరు ఇది. మొత్తం బాడుగ ఇంత. టోల్, పర్మిట్టు, పార్కింగు, డ్రైవరు బత్తా ఇందులో కలిసే ఉన్నాయి. మేము మానుకుంటే ఇంత పట్టుకుంటారు. బండి రాకపోతే మొత్తం తిరిగిస్తారు. సరేనా?’ అవతల నుంచి ‘సరే’ అని వస్తే డబ్బు పంపండి. రాకపోతే తగ్గించిన బాడుగలో ఏం తగ్గిందో మీకు ప్రయాణానికి ముందే తెలిసిపోతుంది.