పాత డీవీడీ, క్రొత్త తెర

పెన్‌డ్రైవులు వాడుకలోనికి రాకమునుపు మరిపెడ ప్రాంతమునందు పెండ్లి జరిగిన యిండ్లలో ఫొటో ఆల్బముతోఁబాటు ఒక డీవీడీయు భద్రపఱుపఁబడుచుండెను. ఇప్పుడా యిండ్లలోనికి నలువది మూడు అంగుళముల టీవీలు, కొన్నింటిలోనికి అంతకంటె పెద్దవియు వచ్చినవి. ఆ డిస్కును ఈ తెరపై వేసి చూచినవారు ముఖములు మసకగా నుండుట కని, "డిస్కు పాడైనది" అని పాఱవేయుచున్నారు. అందులో నేఁడు మన మధ్య లేని తాతగారి నడకయు, నాయనమ్మగారి నవ్వును గలవు. పాఱవేసిన పిమ్మట వానిని మరల సంపాదించుట యెవరి తరమును గాదు.

విద్యార్థులారా, పెక్కు సందర్భములలో డిస్కు చెడలేదు, తెర మాఱినది. అట్లగుటకుఁ గారణమేమో, ఉన్న చిత్రమును చక్కగాఁ జూచు మార్గములెవ్వియో, చేయరాని పనులెవ్వియో ఈ పాఠమున వరుసగాఁ దెలిసికొందము.

1. చుక్కల లెక్క

తెరపై చిత్రమంతయు ముగ్గు వలె చుక్కలతో నేర్పడును. మన దేశపు టీవీ పద్ధతి ననుసరించిన డీవీడీలో అడ్డముగా 720, నిలువుగా 576 చుక్కలు గలవు. గుణించినచో 4,14,720. హెచ్.డి. తెరపై 1920 × 1080, అనఁగా 20,73,600 చుక్కలు. ఇది డీవీడీకి సరిగా అయిదు రెట్లు. 4కె తెరపై 3840 × 2160, అనఁగా 82,94,400; ఇది సరిగా ఇరువది రెట్లు. అమెరికా పద్ధతి డిస్కులలో నిలువున 480 చుక్కలే యుండుటచే భేదము ఇంకను ఎక్కువ.

చిన్న వాకిటి కొఱకు పెట్టిన చుక్కలనే దూరదూరముగాఁ బెట్టి పెద్ద వాకిలి నింపఁ జూచినచో నడుమ ఖాళీలు మిగులును గదా! టీవీ ఆ ఖాళీలను ఇరుగుపొరుగు చుక్కలను బట్టి యూహించి నింపును. దీనికే అప్‌స్కేలింగు అని పేరు. నల్లని చుక్కకును తెల్లని చుక్కకును నడుమ బూడిదరంగు చుక్క చేరును. అందుచే కనుబొమలు, చీర అంచులు మెత్తబడి తోఁచును.

ఇందుండి మన మొక సూత్రమును గ్రహింపవలెను: డిస్కులో లేని వివరమును ఏ తీగయు, ఏ మీటయు తెచ్చి పెట్టఁజాలదు. ఉన్న వివరము కంటికిఁ జేరులోపల దారిలో నష్టము గాకుండఁ గాపాడుటయే మన చేతిలోని పని.

2. డిస్కులో నిమిడ్చిన విధము

ఒక పొరగల డీవీడీ 4.7 గిగాబైట్లు పట్టును. అనఁగా సుమారు 3,760 కోట్ల బిట్లు. రెండు గంటల చిత్రమునకు 7,200 సెకండ్లు. భాగించినచో సెకనునకు 52 లక్షల బిట్లు వచ్చును. నాలుగు గంటల పెండ్లిని అదే డిస్కులో నిమిడ్చినచో 26 లక్షలే మిగులును. చిత్రమును ఎంపెగ్-2 అను పద్ధతిచే ఎనిమిది చుక్కల చదరములుగా విభజించి కుదింతురు. బిట్లు చాలనప్పుడు ఈ చదరములే గళ్లు గళ్లుగా బయటఁ బడును. వేగముగా ఆడువారి చేతులయందును, బంజారా స్త్రీల అద్దాల వస్త్రముల మెఱుపునందును ఈ దోషము ముందుగాఁ గానవచ్చుటకు కారణ మిదియే.

కావున మొదట అడుగవలసిన ప్రశ్న టీవీని గూర్చి కాదు, మూలమును గూర్చి. ఆనాఁడు మినీ డీవీ టేపుపై చిత్రము తీయఁబడినయెడల ఆ టేపునందు సెకనునకు రెండున్నర కోట్ల బిట్ల చిత్రము గలదు. ఫొటోగ్రాఫరు వద్ద ఆ టేపు ఇంకను ఉన్నదేమో విచారించుట క్రొత్త ప్లేయరు కొనుటకంటె మేలు.

3. దువ్వెన పండ్లు

పాత గాజుగొట్టపు టీవీలు ఒక చిత్రమును రెండు భాగములుగాఁ జూపెడివి: మొదట బేసి గీతలు, పిమ్మట సరి గీతలు. ఇట్లు సెకనునకు 50 అర చిత్రములు వచ్చెడివి. నేఁటి పలుచని తెర గీతలన్నింటిని ఒక్కమాఱే చూపును గనుక అర చిత్రములను జోడింపవలసి యున్నది.

మన పద్ధతి డిస్కుపై సినిమా యున్నయెడల సాధారణముగా రెండు భాగములును ఒకే క్షణమునకుఁ జెందినవి, జోడించుట సులభము. పెండ్లి కెమేరాలోనివి సాధారణముగా సెకనులో యాబదియవ వంతు తేడాతోఁ దీయఁబడినవి. ఆలోపల చేయి కదలును. ఊరక జోడించినచో కదలు చేతి యంచున దువ్వెన పండ్లవంటి గీతలు కనఁబడును. ప్లేయరులో "ప్రోగ్రెసివ్ స్కాన్" అను అమరిక యుండినచో దానిని పెట్టి చూడుఁడు. కంప్యూటరులో వీఎల్‌సీ వంటి ప్రోగ్రాముతోఁ జూచునప్పుడు "డీఇంటర్లేస్" అను అమరికను పెట్టవలెను.

4. తీగలు

పసుపురంగు తలగల ఒంటి తీగ వెలుతురును, రంగును కలిపి పంపును. టీవీ వానిని మరల విడఁదీయఁబూని పూర్తిగా విడఁదీయలేదు. అందుచే చీరయంచులవెంట ప్రాకు చుక్కలును, సన్నని చాఱలపై లేని రంగులును తోఁచును. ఎఱుపు, ఆకుపచ్చ, నీలము తలలుగల మూఁడు తీగలు వానిని వేఱువేఱుగాఁ దెచ్చును. హెచ్.డి.ఎం.ఐ. తీగ అంకెలను అంకెలుగానే తెచ్చును గనుక అది యుత్తమము. పసుపు తీగను హెచ్.డి.ఎం.ఐ.గా మార్చు చిన్న పెట్టెలు అంగళ్లలో దొరకును. టీవీకి పసుపు తీగ పట్టు చోటు లేనప్పుడు అవి యుపయోగించును గాని, ఒకసారి కలిసిన వెలుతురును రంగును అవియు చక్కగా విడఁదీయఁజాలవు.

చుక్కలను పెంచు పని ప్లేయరు చేయవలెనా, టీవీ చేయవలెనా యని కొందఱు అడుగుదురు. ప్లేయరును ఒకసారి 576 గీతలపైనను, ఇంకొకసారి 1080 గీతలపైనను పెట్టి, ఒకే ముఖమును ఆపి చూచి, ఏది మేలో దానిని ఉంచుకొనుఁడు.

5. ఆకారము

పాత టీవీకై ప్లేయరులో 4:3 అను అమరికను పెట్టి, పెద్ద టీవీ కొన్న తరువాతను దానినే యుంచినవారు పలువురు. వెడల్పు తెరకై తయారైన డిస్కును ఇట్టి ప్లేయరు నల్ల పట్టీలతోఁ గుదించినచో ప్రతి నాలుగు గీతలకు మూఁడే మిగులును. ఉన్న సొత్తులో నాల్గవ వంతు వృథా. తెలుఁగున మొదటి సినిమాస్కోపు చిత్రమైన "అల్లూరి సీతారామరాజు" (1974) వంటి వెడల్పు చిత్రమునకు 4:3 పద్ధతిలో సుమారు 325 గీతలు దక్కఁగా, 16:9 పద్ధతిలో సుమారు 435 దక్కును. కావున ప్లేయరు అమరికలలో 16:9ని యెంచుకొనుఁడు.

దీనికి విపరీతమైన తప్పును గలదు. "మాయాబజార్" (1957) కాలపు చిత్రములు ఇంచుమించు 4:3 ఆకారమున నున్నవి. తెరంతయు నిండవలెనని వానిని ప్రక్కలకు సాగఁదీసినచో ప్రతి మనిషియు మూఁడవ వంతు లావగును. ఎస్.వి. రంగారావుగారి ఘటోత్కచునకు ఆ సాయము అక్కఱలేదు! ఇరుప్రక్కల నల్లని ఖాళీ యుండుట దోషము గాదు.

6. టీవీ అమరికలు

అంగడిలోని వెలుతురులో కన్నుల నాకర్షించుటకై "వివిడ్" అను అమరికలో రంగులు, వెలుతురు మిక్కుటముగా నుండును. ఇంట "సినిమా" లేక "మూవీ" అను అమరిక మేలు. "షార్ప్‌నెస్" పెంచినచో వివరము పెరుగదు. అంచులచుట్టు తెల్లని గీత మాత్రమే చేరును, డిస్కులోని గళ్లును పైకి తేలును. దానిని బాగుగాఁ దగ్గింపుఁడు. "నాయిస్ రిడక్షన్" కొంచెముగా నుండవచ్చును. ఎక్కువైనచో ముఖములు మైనపు బొమ్మలగును.

7. కూర్చుండు దూరము

ఖర్చు లేని మందు ఇదియే. మంచి చూపుగల కన్ను ఒక డిగ్రీలో అఱువదియవ వంతు కోణముకంటె దగ్గఱగా నున్న రెండు గీతలను వేఱుపఱుపఁజాలదు. లెక్క వేసినచో, 576 గీతల చిత్రమును దాని యెత్తునకు ఆఱు రెట్ల దూరమునుండియు, 1080 గీతల చిత్రమును మూఁడు రెట్లకుఁ గొంచె మెక్కువ దూరమునుండియు చూడవలెను. 43 అంగుళముల తెర యెత్తు సుమారు 53 సెంటీమీటర్లు. కావున హెచ్.డి. చిత్రమును సుమారు అయిదున్నర అడుగులనుండి చూడవచ్చును గాని, డీవీడీకి పదిన్నర అడుగులు కావలెను. క్రొత్త చిత్రములను జూచు మంచముపైనుండియే పాత డీవీడీని చూచి నిందింపక, కుర్చీని వెనుకకు జరుపుఁడు.

8. మెఱుఁగు వేఱు, మార్పు వేఱు

మార్కస్ బార్ట్‌లేగారు నలుపు తెలుపులలోఁ జిత్రించిన "మాయాబజార్"కు 2010లో హైదరాబాదునందలి గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ సంస్థ రంగులద్ది విడుదల చేసెను. అది శ్రమకోర్చి చేసిన పని, ఎందరో సంతోషించిరి. అయినను ఆ రంగులు నేఁటి కళాకారులు ఎంచినవే గాని 1957 నాఁటి ఫిలిముపై నున్నవి కావు. మూలము నలుపు తెలుపులలో నిలిచియున్నది గనుక రెంటిని పోల్చి చూడ వీలున్నది.

ఇప్పుడు కృత్రిమ మేధచే పాత వీడియోలకు మెఱుఁగు పెట్టు ప్రోగ్రాములు వచ్చినవి. అవి వేలకొలఁది యితర చిత్రములను జూచి నేర్చి, లేని కనురెప్పలను, లేని ముడుతలను గీయును. చెట్టునకో గోడకో అది తగవచ్చును. మసకగా నున్న నాయనమ్మగారి ముఖమునకు చేసినచో, స్పష్టముగాఁ గనఁబడునది ఆమె ముఖము గాక ఆమెవంటి యింకొకరి ముఖము కావచ్చును. చేయించుకొనఁదలఁచినవారు చేయించుకొనవచ్చును, మూలమును మాత్రము చెఱుపరాదు.

9. భద్రపఱచుట

ఇంట వ్రాయించిన డీవీడీలో చిత్రము రంగుపొరపై నుండును. ఎండ, వేఁడిమి దానికి శత్రువులు. బాల్‌పెన్నుతో దానిపై వ్రాయరాదు. తుడుచునప్పుడు మెత్తని బట్టతో నడిమినుండి అంచునకు తిన్నగాఁ దుడువవలెను, చుట్టును రుద్దరాదు. ఇప్పుడే కంప్యూటరులో దానిని మరల కుదింపకుండ యథాతథముగా నకలు తీసి, రెండు వేర్వేరు చోట్ల నుంచుఁడు. తలిదండ్రులు ఈ పనిని పెద్ద తరగతుల పిల్లలకు అప్పగింపవచ్చును.

అభ్యాసము

1. మీ యింటి టీవీ తెర యెత్తును కొలిచి, డీవీడీ చూచుటకుఁ దగిన దూరమును లెక్కింపుఁడు.
2. 4.7 గిగాబైట్ల డిస్కులో మూఁడు గంటల చిత్రమున్నచో సెకనునకు ఎన్ని బిట్లు లభించును?
3. "షార్ప్‌నెస్" పెంచినచో వివరము పెరుగదని యెట్లు నిరూపింతురు? ఒకే చిత్రమును ఆపి పరీక్షించి వ్రాయుఁడు.
4. మీ యింటనున్న పాత డిస్కుల పట్టికను వ్రాసి, దేనికి నకలు లేదో గుర్తింపుఁడు. దానితో మొదలు పెట్టుఁడు.