కాయ కోతకు ముందే చక్రాల సంగతి చూడండి

మామిడి కోత దగ్గర పడిందంటే నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి మండలాల రైతులకు తీరిక ఉండదు. కూలీలకు బయానా, చిక్కాలు, క్రేట్లు, వరిగడ్డి అన్నీ ముందే సిద్ధం చేసుకుంటారు. ట్రాక్టరుకు ఆయిలు మార్పిస్తారు. వెనక తగిలించే ట్రక్కు చక్రాల జోలికి మాత్రం చాలామంది పోరు. నిరుడు తిరిగాయి, ఈ ఏడూ తిరుగుతాయిలే అని సరిపెట్టుకుంటారు.

ఈ ట్రక్కు ఏడాదిలో ఎక్కువ రోజులు తోటలో చెట్టు కిందనో, ఇంటి ముందరో ఎండకూ వానకూ నిలబడి ఉంటుంది. ఏప్రిల్, మే ఎండల్లో ఒక్కసారిగా టన్నుల కొద్దీ కాయ ఎత్తుకుని నున్న మార్కెట్టు దారి పట్టాలి. దారిలో టైరు పేలితే కాయ ఎండలో వాడుతుంది, కుదుపులకు దెబ్బ తింటుంది, బేరం వేళ దాటిపోతుంది. అంతకన్నా పెద్ద నష్టం ఇంకొకటుంది. తొందరలో చక్రం విప్పబోయిన మనిషి ప్రాణానికే ముప్పు రావచ్చు. అందుకే టైరు ఎంపిక, మార్పిడి రెండింటినీ రైతులు తెలుసుకోవడం మంచిది.

టైరు మీద అంకెలు

టైరు పక్కగోడ మీద 7.50-16, 9.00-16, 9.00-20 వంటి అంకెలుంటాయి. మొదటిది టైరు వెడల్పు, రెండోది రిమ్ము కొలత, రెండూ అంగుళాల్లోనే. మధ్యలో గీతకు బదులు 'ఆర్' అక్షరం ఉంటే అది రేడియల్ టైరు. రిమ్ము అంకె అచ్చంగా కలవాలి. డన్లప్ బండికి వేసే టైర్లలో 19 అంగుళాలవి ఉన్నాయి, లారీవి 20. ఒక్క అంగుళమే కదా అని 20 టైరును 19 రిమ్ముకు ఎక్కిస్తే అంచుకు పట్టు దొరకదు. గాలి పట్టేటప్పుడే ఊడి మీదికి రావచ్చు.

ఇక వయసు. పక్కగోడ మీద చిన్న గడిలో నాలుగంకెలుంటాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైనదని అర్థం. మూడే అంకెలుంటే అది 2000 సంవత్సరానికి ముందుది. దాన్ని ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు. టైరు అరిగితేనే పాతబడదు, నిలబెట్టినా పాతబడుతుంది. రబ్బరు గట్టిపడి, సన్నటి పగుళ్లు వస్తాయి. అయిదేళ్లు దాటిన టైరును ఏటా తెలిసినవారికి చూపించాలి. పదేళ్లు దాటితే బటను ఎంత బాగున్నా తీసేయడమే మేలు.

బరువు లెక్క ఇలా

సైజు పక్కనే 121, 140, 146/143 వంటి అంకెలు, వాటి చివర ఒక అక్షరం ఉంటాయి. అంకె బరువును, అక్షరం వేగాన్ని చెబుతాయి. 121 అంటే ఒక టైరు 1450 కిలోలు మోస్తుంది. 140 అంటే 2500 కిలోలు. 146/143 అంటే ఒంటిగా వేస్తే 3000, జంటగా వేస్తే ఒక్కోటి 2725 కిలోలు.

ఒక లెక్క వేద్దాం. క్రేటుకు 20 కిలోల చొప్పున 200 క్రేట్ల కాయ 4 టన్నులు. క్రేటు బరువు రెండేసి కిలోలనుకుంటే అవి 400 కిలోలు. ట్రక్కు సొంత బరువు టన్నున్నర అనుకుందాం. మొత్తం 5900 కిలోలు. నాలుగు చక్రాల ట్రక్కయితే ఒక్కో టైరు మీద 1475 కిలోలు పడుతుంది. 121 టైరు మోసేది 1450. అంటే సరిపోలేదు. ట్రాక్టరు నెమ్మదిగా పోతుంది కనుక ఫరవాలేదనుకోవద్దు. గ్రావెల్ డొంకలో చక్రం గోతిలో పడ్డప్పుడు ఆ ఒక్క టైరు మీద బరువు అమాంతం పెరుగుతుంది. పాత టైరు పేలేది అక్కడే. మీ ట్రక్కు బరువు తెలియకపోతే ఒకసారి వేబ్రిడ్జి మీద ఖాళీగా తూయించి రాసి పెట్టుకోండి.

పాత టైరు కొనేటప్పుడు

మన ప్రాంతంలో ట్రక్కులకు వాడిన లారీ టైర్లు వేయడం మామూలే. విజయవాడ ఆటోనగర్‌లోనో, దగ్గరి ఊళ్లోనో కొనేటప్పుడు ఈ సంగతులు చూడండి.

* పగటి వెలుతురులోనే కొనాలి. టైరు లోపల చెయ్యి పెట్టి చుట్టూ తడమాలి. దారాలు తగిలినా, ఉబ్బు కనిపించినా వద్దు.
* పక్కగోడ మీద కోత, అతుకు ఉంటే వద్దు. అంచు తీగ బయటపడితే అసలే వద్దు.
* నల్ల రంగు నిగనిగలాడుతుంటే తడిగుడ్డతో తుడిచి చూడాలి. పగుళ్లను రంగు దాస్తుంది.
* గుండు అయిపోయిన టైరుకు కత్తితో గాళ్లు కోసి అమ్మేవారుంటారు. గాడి అడుగున దారాలు దగ్గరగా కనబడితే అది కోసిన టైరే.
* గాళ్ల అడుగున చిన్న గట్లుంటాయి. బటను వాటి మట్టానికి వచ్చిందంటే టైరు పని అయిపోయినట్టే.

రీబటన్ చేసిన టైరు పనికిరానిదేం కాదు. లోపలి కట్టు గట్టిగా ఉండి, మంచి చోట వేయించినదైతే ట్రక్కుకు, లారీ వెనక చక్రాలకు వాడుకోవచ్చు. ముందు చక్రాలకు మాత్రం వద్దు. టైరు మారిస్తే ట్యూబు, ఫ్లాపు కూడా మార్చాలి. సాగిన పాత ట్యూబు కొత్త టైరులో మడత పడి తెగుతుంది.

జంట చక్రాలకు జోడీ కుదరాలి

లారీ వెనక జంట టైర్లలో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది అయితే బరువంతా పెద్దదే మోస్తుంది. చిన్నది రోడ్డు మీద రాసుకుంటూ అరిగిపోతుంది. 9.00, ఆ పైన సైజుల్లో రెండింటి ఎత్తులో తేడా అర అంగుళం మించకూడదు. అంతకన్నా చిన్న సైజుల్లో పావు అంగుళమే. ఉన్న కాస్త తేడాలో చిన్నదాన్ని లోపలి వైపు వేయాలి. ఒకే ఇరుసుకు ఒకటి రేడియల్, ఒకటి మామూలు నైలాన్ టైరు కలపకూడదు. తోటలోంచి బయటికి వచ్చాక జంట టైర్ల మధ్య ఇరుక్కున్న రాయిని తీసేయడం మరవద్దు.

అసలు ముప్పు లాకురింగు

పాత లారీల డిస్కులు రెండు మూడు ముక్కలుగా ఉంటాయి. టైరును పట్టి ఉంచేది పక్కనున్న ఇనుప లాకురింగే. లారీ టైరులో గాలి ఒత్తిడి చదరపు అంగుళానికి 100 పౌండ్ల దాకా ఉంటుంది. తుప్పు పట్టిన, వంగిన రింగు ఆ ఒత్తిడికి ఊడితే ఎదురుగా ఉన్న మనిషి తల పగలగొట్టేంత జోరుతో వస్తుంది. అమెరికాలో ఇలాంటి చావులు చూసే 1980లో ఈ చక్రాల పనికి ప్రత్యేక నిబంధనలు పెట్టారు. విప్పే ముందు గాలి తీయడం, ఇనుప బోనులో పెట్టి గాలి పట్టడం అందులో ముఖ్యమైనవి. మనమూ పాటించదగ్గవే.

* ఒక డిస్కు రింగును ఇంకో రకం డిస్కుకు వేయవద్దు. వంగిన రింగును సమ్మెటతో సరిచేసి వాడవద్దు.
* గాలి పట్టేటప్పుడు రింగు మీద కొట్టవద్దు. ముందు కొంచెం గాలి పెట్టి రింగు కూర్చుందో లేదో చూడాలి. కూర్చోకపోతే గాలి మొత్తం తీసి మళ్లీ మొదలుపెట్టాలి.
* బోను ఉన్న షాపుకే వెళ్లండి. పొడవాటి గొట్టంతో పక్కనుంచి గాలి పట్టాలి. రింగుకు ఎదురుగా పిల్లలనే కాదు, ఎవరినీ నిలబడనివ్వవద్దు.
* గాలి బాగా తగ్గిన టైరుతో దూరం నడిపితే, అలాగే గాలి కొట్టించవద్దు. విప్పించి లోపల చూడాలి.
* టైరు ఉండగా డిస్కుకు వెల్డింగు చేయించవద్దు. గాలి తీసినా లోపల రబ్బరు కాలి పొగ చేరి టైరు పేలుతుంది.

చక్రం మార్చే వరుస

1. బండిని గట్టి నేల మీద, రోడ్డు వారగా ఆపాలి. ట్రక్కును ట్రాక్టరు నుంచి విడదీయకూడదు. మిగతా చక్రాలకు ముందూ వెనకా చెక్క దిమ్మెలు పెట్టాలి.
2. పానా ముట్టుకోక ముందే వాల్వు పిన్ను తీసి గాలి పూర్తిగా వదలాలి. బుస్సుమనడం ఆగాక సన్నటి తీగ దూర్చి చూడాలి. జంటలో ఒకటి పంక్చరైనా రెండింటి గాలీ తీయడం క్షేమం. పగిలిన డిస్కును పట్టి ఉంచేది ఒక్కోసారి ఆ నట్లే.
3. చక్రం నేల మీద ఉండగానే నట్లు కొద్దిగా వదులు చేయాలి. కొన్ని పాత లారీలకు ఎడమ పక్క నట్లు ఎదురు వైపు తిరుగుతాయి. బలం పెట్టే ముందు చూసుకోండి.
4. జాకీ కింద వెడల్పాటి పలక వేయాలి. మన ఎర్రనేలలో జాకీ దిగబడుతుంది. జాకీ మీదున్న బండి కిందికి తల, చెయ్యి పెట్టకూడదు.
5. కొత్త చక్రం వేసే ముందు హబ్బు మీద తుప్పు, మట్టి తుడవాలి. నట్ల రంధ్రం కోలగా సాగిన డిస్కును పక్కన పడేయాలి.
6. నట్లను వరసగా కాక ఎదురెదురుగా బిగించాలి. చక్రం నేల మీదికి దిగాక మళ్లీ బిగించాలి. తొలి ట్రిప్పు కాగానే ఇంకోసారి చూడాలి.

గాలిని తెల్లవారుజామున, టైరు చల్లగా ఉన్నప్పుడు కొలవాలి. మధ్యాహ్నం ఎండకు ఒత్తిడి పెరిగిందని గాలి తీసేస్తే, చల్లారాక అది తక్కువ గాలి టైరవుతుంది. తక్కువ గాలితో నడిచే టైరే ఎక్కువ వేడెక్కుతుంది.

మంచి టైరుకు ఖర్చవుతుంది, నిజమే. చెట్టుకు పెట్టిన ఏడాది పెట్టుబడంతా ఆ నాలుగు టైర్ల మీదే మార్కెట్టుకు పోతుందని కూడా లెక్క వేసుకోండి. ఈ వారంలోనే ఒక పూట ట్రక్కు దగ్గర కూర్చుని, ఒక్కో టైరు సైజు, వయసు, బరువు అంకె కాగితం మీద రాయండి. స్టెప్నీదీ రాయండి. మీ బండి నడిపే అబ్బాయికి వాల్వు పిన్ను ఎలా తీయాలో చేసి చూపించండి. కాయ పోతే వచ్చే ఏడు మళ్లీ కాస్తుంది, మనిషి పోతే రాడు.