జీవో వచ్చాక ‘స్టాకు లేదు’ అంటే కుదరదు

సర్కారు బడిలో చదివే పిల్లలకు ల్యాప్‌టాపో ట్యాబో ఇచ్చి తీరాలని మన చట్టాల్లో ఎక్కడా రాసి లేదు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకే వర్తిస్తుంది. తొమ్మిది, పది తరగతుల పిల్లల్లో చాలామందికి ఆ వయసు దాటిపోతుంది. మేనిఫెస్టోలో రాశారనో, సభలో ప్రకటించారనో కోర్టుకెళితే కేసు నిలవడం కష్టం. అయితే పథకానికి జీవో వెలువడి, ఎవరు అర్హులో అందులో రాశాక సంగతి వేరు. ప్రభుత్వం తన చేతిలోని సొమ్మునూ సౌకర్యాలనూ ఇష్టం వచ్చినవాళ్లకు ఇచ్చుకోవడానికి వీల్లేదని, తాను పెట్టిన నిబంధనకు తానే కట్టుబడి ఉండాలని 1979లో రమణ దయారాం శెట్టి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తగాదా బొంబాయి విమానాశ్రయంలో హోటల్ నడిపే కాంట్రాక్టు గురించి. కానీ తీర్పుకు ఆధారం రాజ్యాంగం 14వ అధికరణం చెప్పే సమానత్వం కాబట్టి, కాంట్రాక్టర్లకు వర్తించే సూత్రం ఎనిమిదో తరగతి పిల్లకూ వర్తించాలి.

ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబరు 21న ప్రభుత్వ బడుల ఎనిమిదో తరగతి విద్యార్థులకు ట్యాబ్‌ల పంపిణీ మొదలైంది. ఇలాంటి పథకాల్లో అర్హత ఉన్న పిల్లలు ఎక్కడ జారిపోతారో చూడండి. టీసీ తీసుకుని ఏడాది మధ్యలో బడి మారిన పిల్లవాడి పేరు, విద్యాశాఖ విద్యార్థుల వివరాలు ఉంచే చైల్డ్ ఇన్ఫోలో పాత బడి కిందే ఉండిపోతుంది. పాత బడి ‘వెళ్లిపోయాడు’ అంటుంది, కొత్త బడి ‘మా జాబితాలో లేడు’ అంటుంది. ఆధార్‌లో ఇంటిపేరు ఒకలా, బడి రికార్డులో మరోలా ఉన్నా ఇదే తంతు. జీవోలోని అర్హత షరతు ‘ఫలానా తరగతి చదువుతూ ఉండటం’ అయితే, కంప్యూటర్‌లో పేరు మారకపోవడం అనర్హత కాదు, ఆఫీసు సరిదిద్దుకోవాల్సిన పొరపాటు. దాని ఫలితం పిల్లవాడి మీద పడటం అన్యాయం.

ఉచితంగా ఇచ్చేదానికి హక్కేమిటి అని చాలామంది అడుగుతారు. తమిళనాడులో ల్యాప్‌టాప్‌లు, మిక్సీలు పంచే పథకాల మీద వచ్చిన సుబ్రమణ్యం బాలాజీ కేసులో సుప్రీంకోర్టు 2013 జులై 5న తీర్పు చెబుతూ, ఇలాంటి పంపిణీ ఆదేశిక సూత్రాల పరిధిలోకి వస్తుందని, చట్టవిరుద్ధం కాదని అంది. ఆ తీర్పును మళ్లీ పరిశీలించాలని 2022లో విషయాన్ని ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనానికి నివేదించిన మాట నిజమే. కానీ అక్కడి ప్రశ్న పథకం పెట్టవచ్చా లేదా అన్నది. పథకం నడుస్తుండగా పక్క బెంచీ పిల్లవాడికి ఇచ్చి మన పిల్లవాడికి ఎందుకు ఇవ్వలేదన్నది వేరే ప్రశ్న. ఖజానాలో డబ్బు లేదన్న అభ్యంతరంలో కొంత బలం ఉంది. ప్రభుత్వం పథకాన్ని మొత్తంగా ఆపేస్తే, మళ్లీ నడపమని కోర్టు ఆదేశించడం అరుదు. ఆపకుండా, కొందరికి ఇచ్చి కొందరికి ఎగ్గొట్టడానికి మాత్రం ఆ సాకు సరిపోదు.

కాబట్టి తల్లిదండ్రులు చేయాల్సిన మొదటి పని నోటిమాటతో వెనుదిరగకుండా ప్రధానోపాధ్యాయుడికి కాగితం మీద అర్జీ ఇచ్చి, నకలు మీద తేదీతో సంతకం తీసుకోవడం. జవాబు రాకపోతే మండల విద్యాధికారి (ఎంఈఓ) కార్యాలయంలో సమాచార హక్కు దరఖాస్తు పెట్టాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లో మండల స్థాయిలో ఫీజు అయిదు రూపాయలే. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు అదీ లేదు. ‘మా అబ్బాయికి ఎందుకు రాలేదు’ అని అడిగితే ఒక వాక్యంతో తప్పించుకుంటారు. జీవో నకలు, బడికి వచ్చిన పరికరాల సంఖ్య, స్టాకు రిజిస్టరు, సంతకాలున్న పంపిణీ పట్టిక అడగండి. సబ్సిడీ పథకాల కేటాయింపులు, లబ్ధిదారుల వివరాలు ఎవరూ అడగకుండానే బయటపెట్టాలని సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ చెబుతోంది. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు వేయండి. హైకోర్టులో రిట్ వేయాల్సి వచ్చినా అక్కడ పనికొచ్చేవి ఈ కాగితాలే. ఖర్చు భరించలేనివాళ్లు జిల్లా న్యాయ సేవాధికార సంస్థను ఆశ్రయించవచ్చు. మహిళలకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా అక్కడ ఉచితంగా లాయరును ఇస్తారు.

దివ్యాంగులైన పిల్లల విషయంలో చట్టం ఇంకా గట్టిగా మాట్లాడుతుంది, ఇది చాలా ఇళ్లకు తెలియకపోవడం బాధాకరం. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 17వ సెక్షన్ ప్రకారం, నలభై శాతం లేదా అంతకు మించి వైకల్యం ఉన్న విద్యార్థులకు పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా పుస్తకాలు, బోధన సామగ్రి, తగిన సహాయక పరికరాలు ఉచితంగా ఇవ్వడం ప్రభుత్వ బాధ్యత. ఇక్కడ పథకం పెట్టారా లేదా అన్న ప్రశ్నే రాదు. చూపులేని పదో తరగతి అమ్మాయికి, తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఉన్న ల్యాప్‌టాప్ సహాయక పరికరమేనని వాదించడానికి ఈ సెక్షన్ బలమైన ఆధారం. వైకల్య శాతం తెలిపే సదరం సర్టిఫికెట్ జతచేసి, ఈ సెక్షన్ పేరు రాసి, జిల్లా విద్యాధికారి (డీఈఓ)కి అర్జీ పెట్టండి. పద్దెనిమిదేళ్లు నిండితే ఈ సెక్షన్ వర్తించదు కాబట్టి, ఆ పని ఈ విద్యా సంవత్సరంలోనే చేయండి.